మోటారుకారు నాడి

బిడ్డకు ఒళ్లు వెచ్చబడినప్పుడు తల్లి ముందుగా అరచేతితో నుదురు తాకి చూచును. పిమ్మట థర్మామీటరు తీయును. అరచేయి జ్వరమున్నదని చెప్పును. థర్మామీటరు ఎంత యున్నదో చెప్పును. ఈ రెంటికి గల భేదము మనకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. అయినను, ఆ బిడ్డలనే ఎక్కించుకొని రాత్రియనక పగలనక తిరుగు మోటారుకారు విషయమున మాత్రము మనము అరచేతితోనే తృప్తిపడుచున్నాము. దాని నాడి చూచుట మగవారి పని యనియు, వారికిని తెలియనిచో మెకానిక్కు పని యనియు తలచి యూరకుందుము. నేనును చిరకాలము అట్లే తలచితిని. అందువలన మాకు ఏమి జరిగినదో, పిమ్మట మేమేమి నేర్చుకొంటిమో మీకు తెలుపుటకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కొల్లేటి నడుమ ఒక రాత్రి

నా పుట్టినిల్లు ఏలూరు. మెట్టినిల్లు కైకలూరు దాపున ఒక లంకగ్రామము. ఈ రెంటి నడుమ కొల్లేరున్నది. కృష్ణా గోదావరుల డెల్టాల మధ్య నేర్పడిన యీ మంచినీటి సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలైన ఏళ్లు వచ్చి చేరును. ఉప్పుటేరు దీని నీటిని సముద్రమునకు గొనిపోవును. ప్రభుత్వమువారు 1999లో దీనిని పక్షులకు అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో ఇది రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో చేరినది. ఏలూరునుండి కైకలూరు పోవు మార్గము ఈ సరస్సు నడుమగా సాగును. శీతకాలపు పగటివేళ గూడబాతులను, కొంగలను చూచుచు ఆ దారిని పోవుట కన్నులపండువుగా నుండును. రాత్రివేళ మంచు దిగినపుడు మాత్రము ఇరుప్రక్కల నీరు, నడుమ సన్నని రోడ్డు. దీపము లేనిదే రోడ్డు అంచెక్కడో, నీరు మొదలెక్కడో తెలియదు.

మా యింట ఒక పాత డీసెలు జీపు కలదు. మా మామగారి కాలమున కొన్నది. చెరువులకు మేత తోలుటకును, పెండ్లిండ్లకు పేరంటములకు పోవుటకును అదియే ఆధారము. కొన్నేండ్ల క్రిందట మార్గశిరమాసమున మా తోటికోడలికి నెలలు నిండియున్నవి. ఒకనాటి రాత్రి రెండవజామున నొప్పులు మొదలైనవి. మా మరది జీపు తీసెను. వెనుకసీటులో ఆమె తల నా యొడిలో పెట్టుకొని నేను కూర్చుంటిని. ఏలూరు ఆసుపత్రికి బయలుదేరితిమి.

సగము దారి దాటకమునుపే ముందుదీపముల కాంతి పండుటాకు వన్నెకు తిరిగినది. మఱి కొంత దూరము పోవునప్పటికి అవి ఆరబోవు నిప్పుకణికలవలె నైనవి. ఇంజను మాత్రము ఎప్పటివలెనే నడుచుచున్నది. మా మరది వేగము తగ్గించి, "వదినా, రోడ్డు కనబడటం లేదు," అనెను. ఆ మాట విని మా తోటికోడలు నా చేయి గట్టిగా పట్టుకొన్నది. ఇంజను ఆపినచో మరల అంటుకొనదేమో యను భయముచేత, దానిని ఆపకయే జీపును ఒక ప్రక్కకు నిలిపితిమి. ఎంతసేపటికోగాని వెనుకనుండి చేపల వ్యాను ఒకటి వచ్చినది. దాని డ్రైవరు మా స్థితి చూచి, "నా ఎనకమాల రండి, నెమ్మదిగా పోతాను," అని ముందు నడచెను. మంచుగడ్డలు కరగి నీరు కారుచున్న ఆ వ్యాను వెనుక దీపములు రెంటిని చూచుకొనుచు మేము ఏలూరు చేరితిమి. తెల్లవారుజామున మగపిల్లవాడు పుట్టెను. తల్లియు బిడ్డయు క్షేమము. ఆ డ్రైవరు పేరైన మే మడుగలేదు.

వెలుగని దీపము

మఱునాడు కార్లకు కరెంటుపని చేయు నొకాయన జీపును పరీక్షించెను. బ్యాటరీ పూర్తిగా దిగిపోయినది. బ్యాటరీని నింపుటకు ఇంజనుతోపాటు తిరుగు ఆల్టర్నేటరు అను యంత్రమున్నది. అది చెడియుండునని మే మనుకొంటిమి. కాని అది చక్కగానే యున్నది. చెడినది డ్యాషుబోర్డుమీద బ్యాటరీ బొమ్మ వెనుకనుండు గోరంత బల్బు!

ఆ బల్బునకును ఆల్టర్నేటరునకును సంబంధమేమి? మా యక్క కుమార్తె తాడేపల్లిగూడెమున ఇంజనీరింగు చదువుచుండెను. ఆమె నాకు ఇట్లు విడమరచి చెప్పినది. మనము తాళము త్రిప్పగానే బ్యాటరీనుండి కొద్దిపాటి కరెంటు ఆ బల్బు గుండనే ఆల్టర్నేటరునకు పోయి దానిని మేల్కొలుపును. అందుచేత బల్బు వెలుగును. ఆల్టర్నేటరు తానుగా కరెంటు పుట్టించుట మొదలిడగానే బల్బునకు ఇరువైపుల ఒత్తిడి సమానమగును, బల్బు ఆరిపోవును. బల్బే మాడిపోయినచో మేల్కొలుపు కరెంటు పోవు దారి మూసికొనిపోయినట్లే. అనేక పాతబండ్లలో ఏర్పాటు ఇట్టిదే. ఇంజను తిరుగుచునే యుండును, ఆల్టర్నేటరు నిద్రించుచునే యుండును. దీపములు బ్యాటరీలోని నిలువను తినివేయును.

"పిన్నీ, తాళం తిప్పినప్పుడు ఆ దీపం వెలగడం లేదని మీరెవరూ చూడలేదా?" అని ఆమె అడిగినది.

చూచితిమి. కొన్ని దినములుగా అది వెలుగుటలేదని నేనే గమనించితిని. వెలిగిన దీపము ప్రమాదమునకు గుఱుతు గనుక, వెలుగని దీపము క్షేమమునకు గుఱుతని తలచితిని. నా పొరపాటంతయు అందే యున్నది. హెచ్చరిక దీపము రెండు సందర్భములలో ఆరియుండును: అంతయు సరిగానున్నప్పుడు ఒకటి, దీపమే చచ్చినప్పుడు మఱొకటి. ఈ రెంటిని అది వేఱుచేసి చెప్పలేదు. ముల్లుగల మీటరు అట్లు కాదు. సరిగానున్నచో ముల్లు తన చోట నిలుచును. తీగె తెగినచో సాధారణముగా ముల్లు అడుగునకు పడిపోవును. దాని మరణమును అదే చాటును.

సోదరీమణులు రేపే చేయదగిన పరీక్ష యొకటి కలదు. దీనికి కాసైన ఖర్చులేదు. కారు తాళమును ఇంజను అంటుకొనునంతవఱకు త్రిప్పక, అంతకుముందు మెట్టుననే నిలిపి డ్యాషుబోర్డును చూడుడు. బ్యాటరీ బొమ్మ, నూనె బొమ్మ వెలుగవలెను. ఇంజను అంటుకొన్న పిమ్మట ఆరిపోవలెను. ముందు వెలుగని దీపమును నమ్మరాదు.

ముల్లుల కథ

మోటారుబండి నాడి చూచుట ఆడువారికి కొత్తపని కాదు. 1888లో జర్మనీదేశమున బెర్తా బెంజ్ అను నామె, భర్త నిర్మించిన కారులో ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైమువఱకు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణము చేసెను. పెట్రోలు గొట్టము మూసికొనిపోగా టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని శుభ్రపఱచెననియు, ఒరసికొనిపోయిన కరెంటు తీగెకు తన మేజోడు పట్టీనే చుట్టెననియు చెప్పుదురు. 1909లో ఇంగ్లండున డొరొతీ లెవిట్ అను మోటారు పందెగత్తె స్త్రీలకొఱకే కారునుగూర్చి పుస్తకము వ్రాసి, వెనుకవచ్చు బండ్లను చూచుటకు చేతియద్దము దగ్గఱ నుంచుకొనుడని హితవు చెప్పెను. కార్లకు వెనుకచూపు అద్దములు సామాన్యములైనది ఆ పిమ్మటనే.

మీటర్ల చరిత్రయు ఇట్లే ముచ్చటగా నుండును. వంకర తిరిగిన సన్నని లోహపుగొట్టములోనికి ఒత్తిడి చేరినప్పుడు అది తిన్ననగుటకు ప్రయత్నించును. ఆ కదలికతో ముల్లును త్రిప్పవచ్చునని ఫ్రాన్సుదేశస్థుడైన యూజీన్ బూర్డాన్ 1849లో కనిపెట్టెను. నూనె ఒత్తిడి చూపు మీటర్లు పెక్కింటిలో నేటికిని ఆ గొట్టమే పనిచేయుచున్నది. 1912లో అమెరికాలో బోయిస్ అను నతడు పేటెంటు పొందిన మోటోమీటరు కారు రేడియేటరు మూతమీద నిలువుగా నుండు థర్మామీటరే. నడుపువాడు తన సీటునుండియే అద్దముగుండ దానిని చూచి నీరు కాగుచున్నదో లేదో తెలిసికొనెడివాడు.

తాడేపల్లిగూడెమునకు పోయినప్పుడు మా యక్క కుమార్తె నాకు రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానముల రన్‌వేను చూపినది. అచ్చట నిలిచి, "విమానం నడిపేవాడు కిటికీలోంచి చూసి ఊరుకుంటాడా పిన్నీ? ఎదురుగా ఉన్న గడియారాలన్నీ వరసగా చూస్తూనే ఉండాలి," అన్నది. ఆ యుద్ధమున వాడిన విల్లీస్ జీపునకును డ్యాషుబోర్డు నడుమ వేగముతోపాటు పెట్రోలు, నూనె ఒత్తిడి, నీటి వేడి, కరెంటు చూపు ముల్లులు వేఱువేఱుగా నుండెడివి. కాలక్రమమున కార్లు నమ్మకముగా నడుచుట మొదలిడిన పిమ్మట, తయారుచేయువారు ఆ ముల్లులను తీసివేసి వాని స్థానమున చిన్నదీపములు పెట్టిరి. మనము పోగొట్టుకొన్న యా ముల్లులనే మరల పెట్టించుకొనవచ్చునని నాకు అప్పుడు తోచినది.

మేము చేసిన రెండవ పొరపాటు

జీపులో రెండు సీట్ల నడుమ, గేరుకఱ్ఱకు ముందు ఒక నడిమిపెట్టె యున్నది. కారుపనివారు దీనిని కన్సోలు అందురు. అందులో వోల్టుమీటరు, నీటి వేడి చూపు మీటరు, నూనె ఒత్తిడి చూపు మీటరు, వానితోపాటు మంచులో పనికివచ్చు రెండు పసుపుదీపములకు స్విచ్చి పెట్టింపవలెనని తలచితిమి. దారిప్రక్క నొక దుకాణమున ఒక్కపూటలో పని ముగించిరి. చూచుటకు సొగసుగానే యున్నది. పదిదినములు గడచినవి. ఒకనాటి సాయంకాలము పసుపుదీపములు వెలిగించి పోవుచుండగా రబ్బరు కాలిన వాసన వచ్చినది. నడిమిపెట్టె సందులనుండి పొగ లేచినది. మా మరది బండి నిలిపి, మమ్ము దింపి, బ్యాటరీ తీగె ఊడబీకెను. వెనుకసీటులో ఆ కొల్లేటి రాత్రి పుట్టిన పసివాడు నిద్రించుచుండెను. మంట లేవకుండుట మా పుణ్యము.

విప్పి చూడగా మూడు తప్పులు బయటపడినవి. బ్యాటరీనుండి తీగె నడుమ ఫ్యూజు లేకుండ నేరుగా వచ్చినది. ఆ తీగె ఇంజనుగదినుండి లోనికి వచ్చుచోట ఇనుపరేకు రంధ్రమునకు రబ్బరువలయము వేయలేదు. రేకు అంచు తీగె తొడుగును కోసివేసినది. దీపములకు పోవు కరెంటంతయు నడిమిపెట్టెలోని చిన్నస్విచ్చి గుండనే పోవునట్లు కలిపిరి.

ఫ్యూజు విలువ ఆడువారికి బోధింపనక్కఱలేదు. మన ప్రెషరుకుక్కరు మూతకు సేఫ్టీవాల్వు కలదు. లోపల ఆవిరి హద్దుమీరి వేడెక్కినప్పుడు అది తాను కరగి కుక్కరును కాపాడును. దానిని తీసి ఆ రంధ్రమునకు బిరడా కొట్టు ఇల్లాలు ఉండునా? ఫ్యూజు లేక తీగె లాగుటయు, కాలిన ఫ్యూజు స్థానమున రాగితీగె చుట్టుటయు అట్టి పనియే.

సరియైన పద్ధతి

ఈసారి తాడేపల్లిగూడెమున అనుభవజ్ఞుడైన ఒక పెద్దాయన చేత పని చేయించితిమి. ఆయన రెండుదినములు తీసికొనెను. నేను దగ్గఱ కూర్చుండి చూచితిని. తెలియనిచోట అడిగితిని. ఆయన విసుగుకొనక చెప్పినదానిని, మా యక్క కుమార్తె వివరించినదానిని కలిపి ఇచ్చట వ్రాయుచున్నాను. మీరు స్వయముగా చేయకపోయినను, చేయువానిని అడుగుటకు ఇవి పనికివచ్చును.

మొదట బ్యాటరీ ఋణధ్రువపు తీగెను, అనగా మైనసు గుఱుతుగల దానిని, ఊడదీయవలెను. పిమ్మటనే పెట్టెను విప్పవలెను. ఈ మీటర్లు సాధారణముగా 52 మిల్లీమీటర్ల వ్యాసము గలవి. రవికెకు గుడ్డ కత్తిరించుటకుముందు కాగితముతో కొలత తీసినట్లు, అట్టముక్కపై వలయములు కత్తిరించి పెట్టెమీద నుంచి చూడవలెను. గేరుకఱ్ఱ అన్ని గేర్లలోను ముందునకు వెనుకకు కదలినప్పుడు చేయి తగులరాదు. వెనుకవైపు మీటరు లోతునకు తగిన చోటుండవలెను. అన్నియు సరిపడినపిమ్మటనే రంధ్రము వేయవలెను. ఒకసారి కోసిన ప్లాస్టిక్కు మరల అతుకదు.

మీటర్లకు కరెంటు తాళము త్రిప్పినప్పుడే వచ్చు తీగెనుండి తీసికొనవలెను. లేనిచో బండి నిలిచియున్నప్పుడును అవి బ్యాటరీని కొద్దికొద్దిగా త్రాగుచుండును. మీటరు లోపలి చిన్నదీపమును పార్కింగు దీపముల తీగెకు కలిపినచో రాత్రివేళ తానుగా వెలుగును. పూర్వపు అమ్మీటరునకు బండి కరెంటంతయు లావుపాటి తీగె గుండ డ్యాషుబోర్డువఱకు వచ్చి పోవలసియుండెను; వోల్టుమీటరునకు సన్నతీగె చాలును గనుక ఇంటిబండికి ఇదియే మేలు. నూనె ఒత్తిడి మీటరులో రెండు తెగలు కలవు. ఒకదానిలో వేడినూనెయే సన్నగొట్టములో మీటరుదాక వచ్చును. గొట్టము పగిలినచో కాళ్లమీద చిందును. రెండవదానిలో ఇంజనువద్ద నుండు సెన్సారునుండి తీగె మాత్రమే వచ్చును. పిల్లలు కూర్చుండు బండికి రెండవదే తగినది. సెన్సారును, మీటరును ఒక జతగానే కొనవలెను. జత కలియనిచో ముల్లు అబద్ధము చెప్పును.

ఇక స్విచ్చిలు. పసుపుదీపము ఒక్కొక్కటి 55 వాట్లు. రెండు కలసి 110. దానిని 12 వోల్టులచేత భాగించినచో సుమారు 9 ఆంపియర్లగును. ఇంత కరెంటును నడిమిపెట్టెలోనికి తేనక్కఱలేదు. రిలే అను చిన్నపెట్టెను ఇంజనుగదిలో నుంచవలెను. స్విచ్చి రిలేలోని చుట్టకు ఆంపియరులో అయిదవవంతో అంతకు లోపో కరెంటు పంపి ఆజ్ఞ నిచ్చును. బరువు మోయు పని రిలే చేయును. ఇంటి యజమానురాలు గదిలో కూర్చుండి మాట చెప్పగా పెరటిలో పనిమనుష్యులు బస్తా మోసినట్లు! రిలేమీద 30, 85, 86, 87 అను అంకెలుండును. 30కి బ్యాటరీనుండి ఫ్యూజు గుండ వచ్చు తీగె, 87కు దీపముల తీగె, 85, 86లకు చుట్ట తీగెలు. ఫ్యూజు ఈ దీపములకు 15 ఆంపియర్లది. దానిని బ్యాటరీకి జానెడు దూరములోపలనే పెట్టవలెను. ఏలనన, ఫ్యూజు తనకు ముందున్న తీగెను కాపాడలేదు. తనతరువాత నున్న తీగెనే కాపాడును. రేకు రంధ్రమున రబ్బరువలయము, తీగెలకు పైతొడుగు, చేతితో మెలిపెట్టిన అతుకులకు బదులు నొక్కుడుపని చేసిన కొనలు తప్పక యుండవలెను.

కొల్లేటిప్రాంతమున మఱొక జాగ్రత్త అవసరము. గాలిలోని తేమచేత రాగికొనలకు పచ్చని చిలుము పట్టును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేరు నిండినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డుమీద నీరు పారి రాకపోకలు నిలిచిపోయినవి. నడిమిపెట్టె బండిలో లోతట్టున నుండును గనుక, రిలేలు అతుకులు ఎత్తున అమర్చి, నీరు చొరని తొడుగులు వేయించుట మంచిది.

చివరకు నా వంతు పని యొకటి మిగిలినది. స్విచ్చిలపై ఆంగ్లాక్షరములు మా యత్తగారికి చదువరాదు. నేను సన్నని కుంచెతో "మంచుదీపము", "లోదీపము" అని తెల్లరంగున వ్రాసితిని. ఎవరు కూర్చుండినను, ఏది నొక్కుచున్నారో తెలియవలెను గదా!

ముల్లును చదువుట

మీటరు పెట్టించుట సగము పని. చదువుట మిగిలిన సగము. 12 వోల్టుల బ్యాటరీ నిండియుండి, ఇంజను ఆగియున్నప్పుడు ముల్లు సుమారు 12.6 చూపును. 12.2 అయినచో సగమే యున్నదని యర్థము. ఇంజను నడుచునప్పుడు 13.8 మొదలు 14.4 వఱకుండవలెను. ఇంజను నడుచుచుండగా 13నకు దిగువ నిలిచినచో బ్యాటరీ నిండుటలేదు, రాత్రిప్రయాణము మానుకొనవలెను. 15 దాటినచో బ్యాటరీ ఉడికిపోవుచున్నది. ఆనాడు మాకీ ముల్లొక్కటి యున్నచో, ఊరు కదలకముందే తెలిసియుండెడిది.

నీటి వేడి చాలబండ్లలో 80 మొదలు 95 డిగ్రీల నడుమ నిలుకడగా నుండును. అంకెకంటె అలవాటు ముఖ్యము. మీ బండి నిత్యము ఎక్కడ నిలుచునో గుఱుతుంచుకొని, దానిని దాటి ఎక్కుచున్నచో బండి నిలుపవలెను. ఒక చిత్రము వినుడు. గొట్టము తెగి నీరంతయు కారిపోయినచో సెన్సారు ఉత్తగాలిలో నుండును గనుక, ఇంజను మండిపోవుచున్నను ముల్లు ఒక్కసారిగా క్రిందికి దిగవచ్చును. ఎక్కుట యెంత ప్రమాదమో హఠాత్తుగా దిగుటయు అంత ప్రమాదమే. వేడిగానున్న రేడియేటరు మూతను మాత్రము ఎన్నడును తీయరాదు. ఆవిరి ముఖముపై చిమ్మును. నూనె ఒత్తిడి, బండి వేడెక్కి నిదానముగా తిరుగునప్పుడు కొంత తగ్గుట సహజము. సున్నకు పడినచో మాత్రము ఇంటికి పోయి చూతమనరాదు; ఆ క్షణమే ఇంజను ఆపవలెను.

చెరువులు గల యిండ్ల సోదరీమణులకు ఇది కష్టమైన విద్య కాదు. గట్టుమీద ఏరియేటర్ల కరెంటుపెట్టెలో వోల్టుల ముల్లు దిగినచో మోటార్లు కాలుననియు, మోటార్లు ఆగినచో రొయ్యలకు ఊపిరాడదనియు వారికి తెలియును. అర్ధరాత్రి లేచి ఆ ముల్లును చూచివచ్చు ఇల్లాండ్రను నే నెఱుగుదును. రొయ్యల ఊపిరికై చూచు కన్నులు మన బిడ్డల ప్రయాణమునకై చూడలేవా?

కొన్ని హెచ్చరికలు

కొత్తకార్లలో కంప్యూటరు వ్యవస్థలును, గాలిసంచులును ఉండును. వాని తీగెలను కోసి కలుపరాదు. పసుపుతొడుగు గల తీగెలు సాధారణముగా గాలిసంచులవి, వానిని తాకనే రాదు. అట్టి కార్లకు స్టీరింగు క్రింద నుండు ఓ.బి.డి. సాకెట్టునకు తగిలించు మీటరు చాలును, తీగె కోయనక్కఱలేదు. గ్యారంటీ గడువులోనున్న బండికి ముందుగా కంపెనీవారి నడిగి చేయింపవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు మారునట్లు బండిని మార్చరాదని చెప్పుచున్నది. మీటర్లు ఆ వివరములను మార్చవు. కాని అదనపు దీపములకు రవాణాశాఖ నిబంధనలను తెలిసికొనుటయు, ఎదుటివారి కన్నులు చెదరకుండ వానిని క్రిందికి వంచుటయు మన ధర్మము. పొడి నింపిన చిన్న అగ్నిమాపక సిలిండరు బండిలో నుంచుకొనుడు. పొగ కనబడినచో బండి నిలిపి, తాళము తీసి, మొదట మనుష్యులను దింపుడు, సొమ్ము తరువాత.

సోదరీమణులారా! ఈ మీటర్లను నడుపువాని యెదుట గాక నడుమ పెట్టించుటయందు నాకు కనబడిన మేలు ఒకటి కలదు. నడుపువాని కన్ను రోడ్డుమీద నుండవలెను. ప్రక్కసీటులో కూర్చుండువారి కన్నులు ఖాళీగానే యుండును. మా యింట నేడు నేనే ఆ ముల్లులను చూచుచుందును. ఏలూరు పోవునప్పుడెల్ల, ఆనాటి పసివాడు నా యొడిలో కూర్చుండి, "పెద్దమ్మా, ముల్లు ఎక్కడుంది?" అని యడుగును. "పదునాలుగు దగ్గర ఉంది నాన్నా," అని చెప్పుదును. మా మరది వెనుదిరిగి చూడకయే తల యూపి కొల్లేటిమీదుగా సాగిపోవును.